నారింజ రంగు మూత

“చీటీ లేకుండా మందు అమ్మినాడు. ఆ మందు వేసుకున్న మనిషి పడిపోయినాడు. ఇంకా ఏం కావాల మేడమ్ మీకు?”

సీఐ కిషోర్ బాబు ఆ మాట అంటూ టేబుల్ మీద ఒక చిన్న గాజు సీసాను నా ముందుకు జరిపాడు. సీలు వేసిన ప్లాస్టిక్ కవరులో ఉంది. ప్రైవేటు డిటెక్టివ్‌లంటే ఈయనకు అన్నంలో వెంట్రుక వచ్చినంత చిరాకు. అందులోనూ ఆడమనిషి. అయినా కుర్చీ వేయించి, సాక్ష్యం చూపిస్తున్నాడంటే ఆయన మనసులో కూడా ఎక్కడో ఏదో గుచ్చుకుంటూ ఉండాలి. పైకి ఒప్పుకోడు, అంతే.

సంగతేమిటంటే, జువ్వలదిన్నె హార్బర్‌లో సొంత బోటున్న ముత్యాలయ్య మొన్న ఉదయం ఇన్సులిన్ వేసుకుని బోటెక్కి, ఇంజను గదిలోనే తెలివి తప్పి పడిపోయాడు. నెల్లూరులో ఒక ఆస్పత్రిలో ఉన్నాడు, ఇంకా కళ్ళు తెరవలేదు. ఒంట్లో చక్కెర అడుగంటిందనీ, పడాల్సిన దానికంటే చాలా ఎక్కువ ఇన్సులిన్ పడిందనీ డాక్టర్లు తేల్చారు. ఆయనకు ఏళ్ళ తరబడి మందు అమ్ముతున్నది హార్బర్ రోడ్డులో మందుల షాపు నడిపే యాసీన్. సీఐ నిన్న సాయంత్రం అతన్ని పట్టుకొచ్చాడు. ఇక కోర్టుకు తీసుకెళ్ళడమే తరువాయి. యాసీన్ భార్య సాహిరా పొద్దున్నే నెల్లూరులో నా ఆఫీసుకొచ్చి, “అక్కా, ఆయన జైలుకు పోతే మళ్ళీ ఈ ఊళ్ళో ఎవురూ మా చేత్తో మందు తీసుకోరు” అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేను ఇంత తొందరగా బయల్దేరేదాన్ని కాదేమో.

నా పేరు వనజాక్షి. నేనూ ఇన్సులిన్ మనిషినే. హ్యాండ్‌బ్యాగులో దువ్వెన మరిచిపోతాను గానీ ఇన్సులిన్ పర్సు మరిచిపోను. అందుకే ఆ సీసాను నేను చూసే చూపు వేరు. కవరును లైటుకు ఎత్తి పట్టుకున్నాను. మన దేశపు మామూలు సీసా, మిల్లీలీటరుకు నలభై యూనిట్ల రకం. మందు మెడ దాకా ఉంది. రబ్బరు బిరడా మీద సూది గుచ్చిన గుర్తు ఒక్కటంటే ఒక్కటే.

“ఇది యాడ దొరికింది?”

“వాళ్ళ వలల పాకలో, ఐస్ డబ్బాలో. గుడ్డలో చుట్టి పెట్టుండారు. పక్కనే ఎర్ర మూత సిరంజిల పాకెట్టు.”

“అయితే మొన్ననే తెరిచిన సీసా ఇది. అంతకు ముందురోజు దాకా వాడిన సీసా ఏమైంది?”

“అయిపోయుంటాది. పారేసుంటారు.”

“చూసినారా?”

“సముద్రం గాలించమంటారా మేడమ్?” అన్నాడు సీఐ. “మందు ల్యాబుకి పంపిస్తా ఉండాం. అది కల్తీదో, మరీ ఘాటుదో, తేలిపోతాది.”

పక్కన బెంచీ మీద యాసీన్ కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. రాత్రంతా నిద్ర లేని కళ్ళు. అడగకముందే మొదలుపెట్టాడు.

“చీటీ లేదు, నిజమే మేడం. డాక్టరు రాసిచ్చిన చీటీ తడిసి, చినిగి ఎప్పుడో పోయింది. వేటకి పోయే మనిషిని మళ్ళా నెల్లూరు పోయి చీటీ తెచ్చుకోమంటే, మందు మానేసి వేటకే పోతాడు. అందుకని ఇచ్చినా. తప్పే. కానీ నేను కల్తీ మందు అమ్మలా.”

మన దేశంలో ఇన్సులిన్‌కు డాక్టరు చీటీ కావాలన్నది చట్టం. తెలిసిన మొహానికి చీటీ అడగకపోవడం వాడుక. ఈ రెంటి నడుమ సందులో యాసీన్ లాంటి వాళ్ళు ఇరుక్కుంటారు. సిరంజికైతే చీటీతో పనే లేదు.

“చివరిసారి ముత్యాలయ్య ఎప్పుడు కొన్నాడు?”

“అదే నాకూ వింతగా ఉండాది. నెల దాటింది అన్న నా షాపు మెట్లెక్కి. మొన్నటికి ముందురోజు మేనల్లుడు ముఖేష్ వచ్చినాడు. మామకని ఒక సీసా, సిరంజిల పాకెట్టు అడిగినాడు. ఎర్ర మూతవే కావాలని ఒకటికి రెండుసార్లు చెప్పినాడు. ఇచ్చినా.”

“చూసినారా, వాడే ఒప్పుకుంటా ఉండాడు” అన్నాడు సీఐ.

నేను మాత్రం యాసీన్ అన్న మరో మాట దగ్గర ఆగిపోయాను. “మీ షాపులో వేరే రంగు మూతవి అమ్ముతారా?”

“లేదు మేడం. ఇక్కడ అందరూ వాడేది ఎర్రవే. నారింజ రంగువి వంద యూనిట్ల మందుకి. అవి అడిగేవాళ్ళే లేరు, నేను తెప్పించను.”

“మామూలుగా జనం ఏమని అడుగుతారు?”

“షుగరు సూదులియ్యన్నా అంటారు. అంతే.”

ఒకే రంగు దొరికే చోట రంగు పేరు చెప్పి అడిగేవాడెవడు? ఇంకో రంగు కళ్ళారా చూసినవాడు. నేను లేచి నిలబడ్డాను.

“యాడికి?” అన్నాడు సీఐ.

“వలల పాకకి.”

“నా వాళ్ళు చూసొచ్చినారు. అక్కడేం లేదు.”

“అందుకే పోతా ఉండా. ఏమీ లేదన్న చోటంటే నాకు భలే ఇష్టం సీఐ గారూ.”

---

పాకలో ముత్యాలయ్య భార్య పేరమ్మ వల బాగు చేస్తోంది. భర్త ఆస్పత్రిలో ఉంటే వల ముందు కూర్చుందేమిటి అనుకుంటారేమో. పొద్దున్నంతా ఆస్పత్రిలోనే ఉందట. లోపలికి రానివ్వరు, బయట కూర్చుంటే పిచ్చెక్కుతోందని మధ్యాహ్నం తిరిగొచ్చిందట. కాలి బొటనవేలికి వలకన్ను తగిలించి, బిగలాగి, చేతిలో నూలు కండెతో చకచకా ముడులు వేస్తోంది. ఆమె చేతులు ఆగితే ఏడుపు వస్తుందని నాకర్థమైంది.

మేనల్లుడు ముఖేష్ నాకు స్టూలు వేశాడు. పాతికేళ్ళు దాటిన మనిషి, నున్నగా గీసిన గడ్డం, మంచి చొక్కా. సరుకు ఓడల్లో వంటవాడు. సెలవు మీద వచ్చి నెల దాటింది. సొంత ఊరు తోటపల్లి గూడూరు. అక్కడ తల్లి ఒక్కతే ఉంటుంది. తను మాత్రం మామ బోటు చూసుకుంటూ ఇక్కడే ఉంటున్నాడు.

“అక్కా, మొన్న సూది వేసింది ఎవరు?” అని అడిగాను.

“నేనేనమ్మా. ఆయనకి చూపానదు. ఎప్పుడూ నేనే వేస్తా. ఇరవై గీత దాకా లాగమని డాక్టరు చెప్పినాడు. చదువు రాదు గానీ అంకెలు తెలుసు నాకు. ఆ పొద్దు కూడా ఇరవయ్యే లాగినా. ఒట్టు.”

“ఏ సీసాలోంచి?”

ముడి వేస్తున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది. “డబ్బాలో ఉన్నదాంట్లోంచే” అంది. కళ్ళు మాత్రం ముఖేష్ వైపు వెళ్ళి వచ్చాయి.

“ఇంట్లో ఏమన్నా గొడవలు?”

“గొడవలేం లేవు. ఆదివారం కాపుల్ని పిలిపించి పంచాయితీ పెడతానన్నాడు. ఎందుకో నాకు చెప్పలా.”

కాపులంటే ఇక్కడ పల్లె పెద్దలు. వాళ్ళు కూర్చుని ఒకణ్ణి తప్పని తేలిస్తే, ఆ మనిషి ఈ తీరంలో ఏ బోటూ ఎక్కలేడు. ఆ విషయాన్ని మనసులో ఒక పక్కన పెట్టి, పాకంతా చూశాను. తాళ్ళు, వలను తేల్చే బెండ్లు, ఐస్ డబ్బా. గుంజకు వేలాడదీసిన ఒక పెద్ద కూల్‌డ్రింక్ సీసా. అందులో ఏవో సన్నటి పుల్లల్లాంటివి.

“అదేందక్కా?”

“వాడేసిన సూదులమ్మా. ఇక్కడ ఆడా మగా అందరం ఉత్త కాళ్ళతో వలల మీదే కూర్చుంటాం గదా. ఒక్క సూది వల్లో పడిందంటే ఎవురి కాల్లోనో, చేతిలోనో దిగబడాల్సిందే. అందుకని మూత పెట్టేసి అందులో జారేస్తా. నిండినాక యాసీన్‌కి ఇస్తే ఆస్పత్రి చెత్తలో ఏయిస్తాడు.”

ముఖేష్ తల తిప్పి ఆ సీసా వైపు చూశాడు. నెలరోజులుగా తల తగులుతున్నా దాన్ని ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టుంది అతని వాలకం. సీఐ మనుషులకూ అది చెత్తసీసాలాగే కనిపించి ఉంటుంది. నాకు మాత్రం భలే హుషారొచ్చింది. ఈ పనిలో ఇంత జీతం లేని ఆనందం ఇంకొకటి లేదు.

సీసాను కదపకుండా దాని కింద మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఎప్పుడు వేసింది అప్పుడు పైన పడుతుంది. అడుగున అన్నీ ఎర్ర మూతలే. వాటి పైన నారింజ రంగు మూతలు, ఒక దొంతర. అన్నిటికంటే పైన, ఒంటరిగా, ఒక్క ఎర్ర మూత.

పేరమ్మ పక్కన నూలు కండెలు పెట్టుకున్న ప్లాస్టిక్ కవరు ఉంది. దాన్ని తీసి చూశాను. పది సిరంజిలు పట్టే కవరు. మీద ఇంగ్లీషు, దాని పక్కనే అంతే పెద్ద అక్షరాల్లో ఇంకో భాష. కొన్ని అక్షరాల నెత్తిన చిన్న చిన్న గీతలు. పాండిచ్చేరి వీధి బోర్డుల మీద ఇవే చూశాను. ఫ్రెంచి.

బయట జీపు ఆగింది. సీఐ వచ్చేశాడు.

“మేడమ్, దేన్నీ ముట్టుకోబాకండి!” అంటూనే లోపలికి వచ్చాడు.

“ముట్టుకోలా. మీరే చూడండి. సూదుల సీసాలో పొరలు చూడండి.”

ఆయన వంగి చూశాడు. నిటారుగా నిలబడ్డాడు. “మూతల రంగులు చూసి కేసు కట్టమంటారా? జడ్జిగారు నవ్వుతాడు.”

“నవ్వనీండి. ఇది చూసినాక ఆపేస్తాడు.” నా పర్సులోంచి నా ఎర్ర మూత సిరంజి తీసి, ఆ కూల్‌డ్రింక్ సీసాలోని నారింజ సిరంజి పక్కన పట్టుకున్నాను. “రెండూ ఒకే పొడుగు. నా దాంట్లో ఇరవై గీత యాడుండాది?”

“సగానికి.”

“నారింజ దాంట్లో?”

ఆయన కళ్ళు చికిలించాడు. “అడుగునే... ఐదో వంతుకి.”

“అదీ సంగతి. మన సీసా మందు నలభై రకం, దానికి ఎర్రది. బయటి దేశాల్లో వంద రకం, దానికి నారింజది. దేని జోడు దానికుంటే ఇరవై అంటే ఇరవయ్యే. ఆ వంద రకం మందుని ఎర్ర దాంట్లో ఇరవై గీత దాకా లాగితే?”

సీఐ పెదవులు లెక్కపెట్టుకుంటూ కదిలాయి. “యాభై.”

“పేరమ్మక్క ఎప్పటిలాగే ఇరవయ్యే లాగింది. పడింది యాభై. పాపం ఆమె లెక్క తప్పలా. ఆమె చేతికి సిరంజి మార్చి ఇచ్చినారు.”

పేరమ్మ చేతిలోంచి నూలు కండె జారిపోయింది. నేను ఆమె పక్కన వల మీదే కూర్చున్నాను. “అక్కా, యాసీన్‌ని జైలుకి పంపిస్తా ఉండారు. మొన్న నువ్వు మందు లాగింది ఆయన అమ్మిన సీసాలోంచి కాదు గదా?”

ఆమె ఒక్కసారిగా వెక్కుతూ చెప్పింది. “కాదమ్మా. ముఖేష్ ఓడలోంచి తెచ్చిన ఫారిన్ సీసా. సూదులూ వాడే తెచ్చినాడు. ఒక్కో సూదీ మూడేసి దినాలు వాడి నెల దినాలు వేసినా, ఆయనకి భలే పనిచేసింది. ‘చీటీ లేకుండా తెచ్చింది, చెప్తే నా ఉద్యోగం పోతాది అత్తా, యాసీన్‌ని రెండు దినాల్లో వదిలేస్తారులే’ అన్నాడు. మందు మంచిదే, తినకుండా బోటెక్కినందుకే పడినాడనుకున్నా. యాసీన్‌ని తలుచుకుంటే నాకు ముద్ద దిగడంలా.”

సీఐ ముఖేష్ వైపు తిరిగాడు. ముఖేష్ నీళ్ళు నమలలేదు. చక్కగా, వినయంగా నవ్వాడు.

“తెచ్చినా సార్. మామ మంచికే తెచ్చినా. ఇంగ్లండ్ రేవులో కొన్నా. అక్కడ ఇన్సులిన్ ఎవురికైనా ఇచ్చేస్తారు. సూదులకే చీటీ అడుగుతారు. పది మాత్రం దొరికినాయి. అవి అయిపోతే ఇక్కడ ఎర్రవి కొన్నా. మూతల రంగులో ఇంత కథ ఉండాదని నాకేం తెలుసు? నేను వంటోణ్ణి.”

సీఐ నా వైపు చూశాడు. ఆ చూపులో ‘ఇప్పుడేమంటారు’ అన్న ప్రశ్న ఉంది. కుర్రాడి అబద్ధం అంత నున్నగా ఉంది, వాడి గడ్డంలాగే.

ఇక్కడ నా పిచ్చి ఒకటి చెప్పాలి. ఒకసారి కొలంబో వెళ్ళినప్పుడు నా ఇన్సులిన్ సీసా పగిలింది. మందుల షాపులో చీటీ అడిగారు. డాక్టర్ని వెతుక్కుంటూ ఒక పూటంతా తిరిగాను. అప్పట్నుంచీ ఏ దేశంలో ఏ మందుకు చీటీ అడుగుతారో తెలుసుకోవడం నాకో సరదా. కొందరు స్టాంపులు పోగేసుకుంటారు, నేను ఇవి. అమెరికాలో పాత రకం ఇన్సులిన్‌ను చాలా రాష్ట్రాల్లో చీటీ లేకుండానే అమ్ముతారు, కొత్త రకాలకు చీటీ కావాలి. ఈ పిచ్చి వల్ల నాకు ఇంతవరకు నయాపైసా లాభం లేదు. ఇవాళ తప్ప.

“ముఖేష్, నువ్వు తలకిందులుగా చెప్పినావు” అన్నాను. “ఇంగ్లండ్‌లో ఇన్సులిన్‌కి చీటీ తప్పదు. సిరంజిలే ఊరికే అమ్ముతారు. నువ్వు అక్కడ కొనలేదు.”

“ఏ ఊరైతే ఏం మేడం? అన్నీ ఒకేలా ఉంటాయి. మర్చిపోయుంటా.”

“మర్చిపోలా. కావాలనే మార్చినావు.” కవరు ఎత్తి చూపించాను. “ఇంగ్లీషు, ఫ్రెంచి, రెండూ సమానంగా అచ్చేసేది కెనడాలో. అక్కడ ఇన్సులిన్‌కి చీటీ అక్కర్లేదు, నిజమే. కానీ అరలోంచి నువ్వే తీసుకోలేవు. కౌంటర్ వెనక ఉంటాది. ఫార్మసిస్టు నీతో మాట్లాడి ఇవ్వాల. ఎవురికి, ఎంత వేస్తారు, ఏ సిరంజితో వేస్తారు అని అడిగి, ఎట్ట వాడాలో చెప్పి మరీ ఇవ్వాల. ఇండియాకి తీసుకుపోతా ఉండానంటే ఎర్ర సిరంజితో వేయొద్దని చెప్పకుండా ఉంటారా? అందుకే గదా ఈ పది సిరంజిలు జోడుగా ఇచ్చి పంపింది. అందుకే గదా యాసీన్ షాపులో ఎర్రవే కావాలని రెండుసార్లు చెప్పినావు. ఆ మాట తెలియనోడైతే షుగరు సూదులని అడిగుండేవాడు.”

ముఖేష్ నవ్వు అలాగే ఉంది గానీ, మెడ మీద నరం కొట్టుకుంటోంది.

“మామ పడిపోయినాక ఫారిన్ సీసా సముద్రంలో వేసినావు. యాసీన్ దగ్గర కొన్న సీసాకి ఒక్కసారి సూది గుచ్చి డబ్బాలో పెట్టినావు. అత్త వాడినవి దాస్తుందని నీకు తెలీదు.”

“ఎందుకు చేస్తా మేడం? మామని నేనెందుకు చంపుకుంటా?”

ఈసారి జవాబు నా దగ్గర్నుంచి రాలేదు. సీఐ నెమ్మదిగా అన్నాడు. “లంగరేసిన ఓడల కాడ దొంగ డీజిల్ ఎత్తుకొస్తా ఉండే బోటు ఒకటుండాదని మాకు కబురుంది. ఎవురి బోటో తెలీకుండా ఉండింది. మామ బోటు చూసుకునేది వీడు. ముత్యాలయ్య ఆదివారం కాపుల్ని పిలిచినాడని పల్లెలో విన్నా, దేనికో ఇప్పుడర్థమయింది.” ఈ ఒక్క మాటకు ఆయన మీద ఉన్న కోపమంతా నాకు పోయింది.

ముఖేష్ చేతులు కట్టుకున్నాడు. “అంతా బానే అల్లినారు. ఆ ఫార్మసిస్టు నాకు చెప్పినాడని ఎవురు సాక్ష్యం? సీసా యాడుండాది? నాకు తెలిసే ఎర్రవి ఇచ్చినానని రుజువు చేయండి.”

వాడు చెప్పింది నిజం. తెలియక చేసిన పొరపాటు అని నిలబడితే ఏ కోర్టూ వాణ్ణి ఏమీ చేయలేదు. యాసీన్ బయటపడతాడు, వీడూ బయటపడతాడు. ముత్యాలయ్య లేస్తే మళ్ళీ వీడి చేతి కిందికే వస్తాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అప్పుడు పేరమ్మ కళ్ళు తుడుచుకుంటూ, మామూలుగా అంది. “సీసా కావాలంటే రెండోది ఉండాది గదమ్మా.”

అందరం ఆమె వైపు తిరిగాం.

“వాడు రెండు సీసాలు తెచ్చినాడు. రెండోది మూత కూడా తీయలా, వాడు మర్చేపోయుంటాడు. మా ఎదురింటోళ్ళ ఫ్రిజ్‌లో పెట్టినా. ఈ పొద్దున మా ఆడబిడ్డ ఆస్పత్రికి వచ్చింది, అన్నని చూసుకోను. ఆమెకీ షుగరే. అంత మంచి మందు ఊరికే పోతాదని ఆమెకిచ్చి పంపినా. సాయంత్రం నించి వేసుకుంటానంది.”

“ఆడబిడ్డ అంటే?” అన్నాడు సీఐ.

“దుర్గమ్మ. వీళ్ళమ్మ.”

ముఖేష్ మొహంలో రంగు పోయింది. “సూదులు?” అన్నాడు. “అత్తా, ఏ సూదులిచ్చినావు?”

“నువ్వు తెచ్చిన పాకెట్టులోయే. పోలీసోళ్ళు తీసకపోకముందు నాలుగు తీసి పెట్టుకునుంటి. ఎర్రయి.”

“ఎర్రవి వద్దు!” ముఖేష్ అరిచాడు. జేబులోంచి ఫోను తీయబోయి కింద పడేశాడు, మళ్ళీ వల మీద పాకుతూ అందుకున్నాడు. “వాటితో వేయకూడదు! వేస్తే రెండున్నర రెట్లు పడతాదని ఆ మందుల షాపోడు మరీ మరీ చెప్పినాడు! సార్, అంబులెన్సు! తోటపల్లి గూడూరు! మా అమ్మ ఒక్కతే ఉంటాది సార్!”

సాక్ష్యం అడిగినవాడు తన నోటితోనే సాక్ష్యం ఇచ్చేశాడు. సీఐ అప్పటికే 108కు ఫోను కలుపుతూ జీపు వైపు పరిగెత్తుతున్నాడు. ఇక్కణ్ణించి ఆ ఊరికి గంటకు పైనే ప్రయాణం. బయట పొద్దు వాలిపోయింది.

ముఖేష్ ఫోనులో స్పీకరు నొక్కాను. చాలాసేపు మోగాక ఒక ముసలి గొంతు, తీరిగ్గా పలికింది.

“ఏం నాయనా?”

“అమ్మా, సూది వేసుకోబాకమ్మా!”

“ఇప్పుడే వేసుకున్నా గదరా. నువ్వు తెచ్చిన ఫారిన్ మందే. అన్నం ఇంకా పొయ్యి మీదుండాది. ఏడుస్తా ఉండావేందిరా? మీ మామకేమన్నా అయిందా?”

నేను ఫోను లాక్కున్నాను. “అమ్మా, నేను మీ వదిన తరపు మనిషిని. భయపడొద్దు, చెప్పింది చెయ్యి. వెంటనే చక్కెర గానీ బెల్లం గానీ గుప్పెడు నోట్లో వేసుకో. పక్కింటోళ్ళని పిలువు. పడుకోబాక.”

అవతల ఆమె చిన్నగా నవ్వింది.

“బెల్లమా? షుగరు మనిషింట్లో బెల్లం యాడుంటాది తల్లీ? ఓడ దిగి వచ్చినప్పుడు మా ముఖేషే ఇంట్లో తీపనేదే ఉండకూడదని అంతా మూట గట్టి పక్కింటోళ్ళకి ఇచ్చేసినాడు. ఆ ఇంటోళ్ళు తాళమేసుకుని తిరుపతి పోయినారు.”